పళ్ళకు రంగు కలిపే మేస్త్రి

ఆ వీధిలో పళ్ళు తయారుచేసే ల్యాబ్ ఒకటుందని చాలామందికి తెలియదు. కింద సైకిళ్ళ కొట్టు, పక్కన సన్నటి మెట్లు, పైన రెండు గదులు. ముందు గదిలో పని, వెనక గదిలో కాపురం. కాపురమంటే ఒక మంచం, ఒక స్టవ్, ఒక కుర్చీ. రెండో కుర్చీ కొనాల్సిన అవసరం ఇన్నేళ్ళలో రాలేదు. అక్కడ ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్న మనిషిని దంతవైద్యులందరూ ఫోన్లో ‘మేస్త్రీ’ అనే పిలుస్తారు. గోడలు కట్టే మేస్త్రి కాదు. విరిగిన పళ్ళకూ ఊడిన పళ్ళకూ బదులు పింగాణీ పళ్ళు కట్టే మేస్త్రి.

ఆయన దగ్గరికి మనుషులు రారు, వాళ్ళ నోళ్ళ అచ్చులు వస్తాయి. చిన్న అట్టపెట్టెలో ప్లాస్టర్ అచ్చు, దానికి రబ్బరు బ్యాండుతో బిగించిన చీటీ, చీటీ మీద ఏ పన్నో, ఏ రంగో. పళ్ళ రంగులకో కొలబద్ద ఉంటుంది. పదహారు పింగాణీ పళ్ళను విసనకర్రలా గుచ్చిన పట్టీ అది. డాక్టరు దాన్ని పేషెంటు నోటి దగ్గర పెట్టి, దగ్గరగా ఉన్న రంగు నంబరు రాసి పంపుతాడు. మేస్త్రి ఆ నంబరు పొడి తీసి, నీళ్ళతో తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర అద్ది, కొలిమిలో కాల్చి పన్ను చేస్తాడు.

కొందరు డాక్టర్లు ఫోటో కూడా పంపుతారు. పెదవులు రెండూ పక్కకు లాగి, ముక్కూ కళ్ళూ లేకుండా పళ్ళు మాత్రమే తీసిన ఫోటో. ముఖం లేకపోయినా మేస్త్రికి చాలా సంగతులు తెలిసిపోయేవి. టీ, పొగాకు మరకలు పంటి పైపైన ఉంటాయి, శుభ్రం చేస్తే పోతాయి. వయసు మళ్ళినవాళ్ళ పళ్ళు అరిగి, పైపొర పలచబడి, లోపలి పసుపు బయటపడుతుంది. దెబ్బ తగిలి నరం చచ్చిన పన్ను చుట్టూ పళ్ళన్నీ బాగున్నా తానొక్కటే మబ్బు పట్టినట్టు లోపలినుంచి నల్లబడుతుంది. ఇవన్నీ ఆయన ఒక చూపులో తేల్చేసేవాడు. ఒక్క రకం దగ్గర మాత్రం ఆ చూపు కాసేపు ఆగేది. పళ్ళకు అడ్డంగా, వరద తీశాక గోడ మీద మిగిలిన నీటి గుర్తుల్లా, బూడిద రంగులో గోధుమ రంగులో చారలుండే రకం.

ఆయన నోట్లో ఉన్నవి అవే.

రెండో ఏట ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. చలికాలమంతా తగ్గడం, తిరగబెట్టడం. తండ్రి అప్పటికే లేడు. తల్లి ఒక కుట్టుమిషన్ల షెడ్డులో పనిచేసేది. ఆసుపత్రిలో రాసిన పచ్చటి సిరప్ పోసినప్పుడల్లా పిల్లాడు తేరుకునేవాడు. సీసా అయిపోగానే మళ్ళీ పడేవాడు. ఆవిడ సీసా మీద సీసా తెచ్చి పోసింది. పిల్లాడు బతికాడు. ఏడో ఏట పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చేటప్పుడే పసుపుగా వచ్చాయి. ఏడాది తిరిగేసరికి ముందు పళ్ళు వెలుగు తగిలి తగిలి బూడిదకు తిరిగాయి.

“తోముకోమంటే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు. చూడు, ఎలా పాచిపట్టాయో,” అనేది తల్లి.

వాడు తోమేవాడు. రోజుకు రెండుసార్లు, మూడుసార్లు. ఉప్పుతో తోమాడు, బొగ్గుపొడితో తోమాడు. ఎవరో చెబితే ఇటుక పొడితో చిగుళ్ళు రక్తం కారేదాకా రుద్దాడు. చారలు కదల్లేదు సరికదా, పైపొర అరిగి చల్లటి నీళ్ళు తాకితే ప్రాణం జివ్వుమనేది. పదేళ్ళకే పెదవులు కదలకుండా మాట్లాడటం నేర్చుకున్నాడు. బడిలో జవాబు తెలిసినా లేచేవాడు కాదు. మేష్టార్లు వీణ్ణి నోట్లో నాలుక లేనివాడనుకున్నారు. నాలుక ఉంది, దాని ముందున్నవాటితోనే చిక్కు.

పళ్ళ పనిలోకే ఎందుకు వెళ్ళావని ఎవరైనా అడిగుంటే ఆయన ఏం చెప్పేవాడో తెలియదు. ఎవరూ అడగలేదు. ఇరవై ఒకటో ఏట టెక్నీషియన్ కోర్సులో చేరాడు. చేరిన రెండో నెలలో ఒక లెక్చరరు పళ్ళు రంగు మారడం గురించి పాఠం చెబుతూ తెర మీద బొమ్మలు వేశాడు. టీ మరకలు, దెబ్బ తగిలిన పన్ను, నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే మచ్చలు. తర్వాత చారల పళ్ళు.

“ఇది మురికి కాదు. పళ్ళు చిగురు లోపల తయారయ్యే వయసులో, ఎనిమిదేళ్ళ లోపు, కొన్ని యాంటిబయాటిక్ మందులు వాడితే ఆ మందు పంటిలోనే కలిసిపోతుంది. ఎంత తోమినా పోదు,” అన్నాడు లెక్చరరు.

క్లాసులో ముప్పై ఇద్దరు. ఒక్కొక్కరే వెనక్కి తిరిగి ఇతని వైపు చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే అంత బాధ ఉండేది కాదేమో. ఇతను నోటుబుక్కులో మందు పేరు రాసుకుని, కింద గీత గీసి, తల దించుకునే కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తల్లి పక్కింటావిడతో గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కింటి పాపకు దగ్గు. తల్లి తనకెంతో ఇష్టమైన కథ చెబుతోంది. ఆ చలికాలం, కుండపోత వాన, బస్సులు లేక నడిచివెళ్ళి సిరప్ తెచ్చిన సంగతి.

“ఆ మందే లేకపోతే వీడు నాకు దక్కేవాడు కాదు. చూడు, ఇప్పుడు ఎలా ఉన్నాడో, స్తంభంలా,” అని కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

దారి పొడుగునా కూడబెట్టుకొచ్చిన మాట అతని గొంతుదాకా వచ్చింది. పెదవి దాటలేదు. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాడు. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు ఆవిడ బతికింది. అప్పుడప్పుడూ ‘చిన్నప్పుడు సరిగ్గా తోముకుని ఉంటేనా’ అంటూనే ఉంది. ‘అవునమ్మా, తప్పు నాదే’ అని అతను ఒప్పుకుంటూనే ఉన్నాడు.

ఒకసారి పెళ్ళి సంబంధం మాటలదాకా వచ్చింది. అమ్మాయి మేనమామ పక్కకు పిలిచి, మర్యాదగానే, “బాబూ, పొగాకు అలవాటేమైనా ఉందా? ఉన్నా ఫర్వాలేదు, ముందే చెప్తే మంచిది,” అని అడిగాడు. జన్మలో సిగరెట్టు ముట్టనివాడు ఏం చెబుతాడు? లేదన్నాడు. అబద్ధం ఆడుతున్నాడనుకుని వాళ్ళు మళ్ళీ రాలేదు. ఆ తర్వాత ఎవరు సంబంధం ఎత్తినా పని ఎక్కువగా ఉందనేవాడు. తల్లి పోయాక ఎత్తేవాళ్ళూ లేరు. ఆ ఇల్లు వదిలి ల్యాబ్ వెనక గదిలోకి మారాడు.

అలా యాభై రెండేళ్ళు వచ్చాయి. రోజూ నాలుగింటికి మెట్లు దిగి, మూల మీద టీ బండి దగ్గర నిలబడి ఒక టీ తాగేవాడు. బండివాడు “ఏం మేస్త్రీ, ఎండగా ఉందే” అంటే, “ఆఁ, ఉంది” అనేవాడు. కొన్ని రోజుల్లో ఆయన నోటినుంచి వచ్చే మాటలు అవే.

ఒక వారం ఒకే పన్ను మూడుసార్లు తిరిగొచ్చింది. పై వరసలో ముందు పన్ను. పంపింది ఊరవతల క్లినిక్ డాక్టరమ్మ. తొమ్మిదేళ్ళుగా ఆవిడ పంపే పని చేస్తున్నా ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకోవడమే.

“రంగు తప్పిందా?” అన్నాడు మేస్త్రి.

“రంగు సరిగ్గానే ఉందండీ. ఆవిడకే నచ్చట్లేదు. బస్సు కండక్టరు. ‘ఇది నా పన్నులా లేదు’ అంటోంది. ఎలా ఉండాలమ్మా అంటే చెప్పలేకపోతోంది. మీరొకసారి వచ్చి చూడండి.”

“నేనెందుకండీ, ఫోటో పంపండి.”

“మూడు ఫోటోలు పంపాను మేస్త్రీ. మూడు పళ్ళూ వెనక్కొచ్చాయి.”

మేస్త్రి ముఖానికి మాస్కు కట్టుకుని వెళ్ళాడు. క్లినిక్‌లో మాస్కు ఉంటే ఎవరూ ఏమీ అనుకోరని ఆయన ధైర్యం. కండక్టరమ్మ కుర్చీలో కాళ్ళు చాపి కూర్చుని ఉంది. నలభై ఆరేళ్ళుంటాయి. పన్నెండేళ్ళ కిందట డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే రాడ్డుకు మూతి కొట్టుకుంది. పన్ను ఊడలేదు, విరగలేదు. రెండేళ్ళ తర్వాత మెల్లగా నల్లబడింది. డాక్టరమ్మ వేరు శుభ్రం చేసి, లోపల మందు పెట్టి రెండుసార్లు తెల్లబరిచింది. తెల్లబడి మళ్ళీ నల్లబడింది. మూడోసారికి పంటిలో చీలిక కనబడింది. అందుకే పింగాణీ తొడుగు.

మేస్త్రి ఆవిణ్ణి కిటికీ దగ్గరికి రమ్మన్నాడు. పెదవుల రంగు తుడుచుకోమన్నాడు. పళ్ళు ఆరితే లేని తెలుపు వస్తుందని, నాలుకతో తడుపుకోమన్నాడు. ఒక్కోసారీ అయిదు లెక్కపెట్టేంతసేపే చూసి, కళ్ళు అలవాటు పడకుండా గోడకున్న నీలం క్యాలెండరు వైపు తిప్పుకుని, మళ్ళీ చూశాడు. ఫోటోల్లో ఫ్లాష్ వెలుతురు మింగేసింది ఇప్పుడు కనబడింది. ఆవిడ పళ్ళ అంచుల్లో సన్నటి సున్నపు మచ్చలు, దూదిపోగుల్లా.

“చిన్నప్పుడు బోరు నీళ్ళు తాగారా?”

“మా ఊళ్ళో అందరం అవే తాగాం. అందరికీ ఇవే మచ్చలు. మా నాన్నకీ, మా చెల్లికీ.”

“కొత్త పంటికి ఇవి లేవు. అందుకే పరాయిదానిలా ఉంది.”

కండక్టరమ్మ కాసేపు అద్దంలో చూసుకుంది. “అదేనయ్యా. అదే చెప్పలేక చస్తున్నా. మచ్చలు పెట్టగలవా?”

“పెట్టొచ్చు. పెట్టమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.”

ఆ పన్నుకు నాలుగు రోజులు పట్టింది. కుంచెలో రెండు వెంట్రుకలు మాత్రం ఉంచి మిగతావి కత్తిరించాడు. నాలుగోసారి పన్ను పెట్టినప్పుడు కండక్టరమ్మ బస్సు మొత్తానికి వినబడే గొంతుతో నవ్వింది. నవ్వి, ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం చూడాలనిపించిందేమో, “ఆ గుడ్డ తియ్యవయ్యా, చేసిన మనిషి మొహమైనా చూడనీ,” అంది.

మేస్త్రి ఎందుకో, తనకే తెలియదు, మాస్కు కిందికి లాగాడు. నవ్వడం రాక ఊరికే పళ్ళు కనబడేలా నిలబడ్డాడు.

కండక్టరమ్మ మొహం చిట్లించలేదు. “ఊరందరికీ పళ్ళు చేసి నీవి వదిలేశావేంటి? దీపం కింద చీకటన్నట్టు,” అని సంచీ భుజాన వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆవిణ్ణి మేస్త్రి మళ్ళీ చూడలేదు.

డాక్టరమ్మ మాత్రం ఆయన్ను వెళ్ళనివ్వలేదు. “తొమ్మిదేళ్ళుగా నాతో పనిచేస్తూ ఒక్క మాట చెప్పలేదే,” అంటూ కుర్చీలో కూర్చోబెట్టింది. దారులు రెండని చెప్పింది. గోరంత మందాన పింగాణీ పలకలు అతికించడం ఒకటి. దానికి పళ్ళను కాస్త అరగదీయాలి.

“ఇంట్లో నేనే చేసుకుని, ఇక్కడికొచ్చి నేనే పెట్టించుకోవాలా? వద్దండీ. అరిగింది చాలు,” అన్నాడు మేస్త్రి.

రెండోది ఓపికున్నవాళ్ళ పని. పళ్ళకు సరిపోయే పలచటి ప్లాస్టిక్ తొడుగులో తెల్లబరిచే జెల్ వేసుకుని రోజూ కొన్ని గంటలు పెట్టుకోవాలి. పైపై మరకలైతే రెండు మూడు వారాల్లో తేలిపోతాయి. మందు చారలకు ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాదీ పట్టొచ్చు. గోధుమ రంగు బాగానే తగ్గుతుంది. చిగురు దగ్గరి బూడిద చార పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనంది. జివ్వుమంటే ఒకటి రెండు రోజులు ఆపాలి. టీ, కాఫీ తగ్గించాలి.

తొడుగు చేయడం ఆయన పనే. అద్దం ముందు నిలబడి తన నోటి అచ్చు తానే తీసుకున్నాడు. ప్లాస్టర్ పోసి, ఆరాక విడదీసి బల్ల మీద పెట్టాడు. వేల నోళ్ళు ఆ బల్ల మీదికి వచ్చాయి, తనది రావడం అదే మొదలు. ప్లాస్టర్‌కు రంగు అంటదు. వరస తప్పని, పొందికైన పళ్ళు. చీటీ లేకుండా ఎవరో పంపిన అచ్చయితే, ‘ఈ మనిషి అదృష్టవంతుడు’ అనుకునేవాడు.

ఆ తొడుగు అందరూ పడుకునేటప్పుడు పెట్టుకుంటారు, అది ఉంటే మాట్లాడటం ఇబ్బంది గనక. మేస్త్రి పొద్దున పని మొదలుపెట్టేటప్పుడే పెట్టుకునేవాడు. మాట్లాడాల్సిన పని లేదు. ఫోను మోగితే ముందు తొడుగు తీసి, తర్వాత ఎత్తేవాడు. టీ మానేశాడు. టీ మానేశాక నాలుగింటికి మెట్లు దిగడానికి కారణం లేకపోయింది. మొదటి వారం అలవాటుగా దిగి, బండి దాకా వెళ్ళి, తాగనివాడు అక్కడ నిలబడటం బాగోదని వెనక్కి వచ్చేశాడు. తర్వాత దిగడం మానేశాడు. ఆ నాలుగు మాటలు కూడా పోయాయి.

మొదటి నెల ఏమీ జరగలేదు. రెండో నెలలో పళ్ళు ఎంత లాగాయంటే నోరు తెరిచి గాలి పీల్చడానికి భయపడ్డాడు. డాక్టరమ్మ మూడు రోజులు ఆపించింది. మూడో నెలలో ఒక ఉదయం, కిటికీ వెలుతుర్లో రంగుల పట్టీ పక్కన పెట్టి చూసుకుంటే గోధుమ రంగు పలచబడిందనిపించింది. నమ్మలేదు. ఇరవై ఆరేళ్ళు రంగులు చూసిన కన్ను తన విషయంలో పనికిరాదని అతనికి తెలుసు. డాక్టరమ్మ చూసి, పట్టీ మీద రెండు మెట్లు తగ్గిందంది. ఎనిమిదో నెలకు అయిదు మెట్లు. చిగుళ్ళ దగ్గర పలచటి బూడిద నీడ మిగిలింది. “ఇంకా చేస్తే పంటిని బాధపెట్టడమే. ఇక్కడ ఆపుదాం,” అంది.

ఆపారు. మేస్త్రి మెట్లెక్కి ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చెప్పుకోవడానికి ఎవరున్నారని లెక్క వేసుకుంటే అక్క ఒక్కతే తేలింది.

అక్క ఆయనకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. రైల్లో ఆరు గంటల దూరం. ఏడాదికోసారి కలిసేవాళ్ళు. అదే నెలలో ఆవిడకు కంట్లో శుక్లం తీశారు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళితే చుక్కలు వేసేవాళ్ళు లేరంటే, మేస్త్రి నాలుగు రోజులకు వెళ్ళాడు. మధ్యాహ్నం చుక్కలు వేస్తూ, ఆవిడ చెప్పిన ఏదో మాటకు నవ్వాడు. నోరు తెరిచే నవ్వాడు. అక్క తేరిపార చూసింది.

“ఆపరేషన్ అయినప్పటినుంచీ అన్నీ తెల్లగా కనబడుతున్నాయిరా. గోడలు, దుప్పట్లు, ఆఖరికి నీ పళ్ళు కూడా,” అంది.

మేస్త్రి ఎనిమిది నెలల పని ఆపరేషన్ ఖాతాలోకి పోయింది. “కంటిది కాదక్కా. నిజంగానే తెల్లబడ్డాయి,” అని మొత్తం చెప్పాడు. చెబుతూ చెబుతూ సిరప్ సంగతి కూడా చెప్పేశాడు. చెప్పాక, అమ్మ లేదు కదా, ఇప్పుడు చెబితే ఏం, అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

అక్క చాలాసేపు దుప్పటి అంచు మడతపెడుతూ కూర్చుంది.

“అమ్మకు తెలుసురా,” అంది.

“ఏం తెలుసు?”

“నీకు పదేళ్ళప్పుడు నిన్ను బడికి పంపి, నన్ను వెంటబెట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళింది. నీ పళ్ళెలా ఉన్నాయో చెప్పింది. ఆయన చిన్నప్పుడు ఏ మందు వాడారని అడిగాడు. అంతే. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. వాడికి చెప్పకు, నా మీద ఒట్టు అంది.”

“మరి నన్నెందుకు తిట్టేది, తోముకోలేదని?”

“తిట్టకపోతే ఆ చారలు ఎందుకొచ్చాయని నువ్వే అడుగుతావని.”

మేస్త్రి చుక్కల సీసా మూత బిగించాడు. బిగించిందే మళ్ళీ బిగించాడు. పంతొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ ఒకే మాటను ఒకరికి తెలియకుండా ఒకరు దాచారు. ఎవరు ముందు నోరు విప్పినా రెండోవాళ్ళ బరువు దిగేది. ఆవిడ అడిగి ఉంటే, మందు పోసి మంచిపని చేశావమ్మా, పళ్ళదేముంది, ఊపిరి నిలిచింది కదా అనేవాడు. ఆ మాట నిజంగానే అతని మనసులో ఉంది. ఇప్పుడది వినాల్సిన మనిషి లేదు. అక్కతో చెబితే అక్క ఏడ్చింది. ఇతనికి ఏడుపు రాలేదు. సాయంత్రం చుక్కల వేళ దాకా కిటికీ దగ్గర నిలబడి, కింద ఎవరో ఆరేసిన బట్టలు తీసుకుంటుంటే చూశాడు.

నాలుగు రోజులయ్యాక తిరిగొచ్చాడు. బల్ల మీద పదకొండు అట్టపెట్టెలు చేరి ఉన్నాయి. వాటి పని చూసుకున్నాడు.

పళ్ళ రంగు మారినంత మాత్రాన మనిషి మాటకారి అయిపోడు. పెదవులు కదలకుండా మాట్లాడే అలవాటు నలభై ఏళ్ళది, దానికి జెల్ లేదు. పైగా వాటిని చూసేందుకు ఆ రెండు గదుల్లో ఎవరున్నారు? అయితే ఒకటి జరిగింది. కష్టమైన రంగులుంటే మంగళవారం మంగళవారం క్లినిక్‌కు వచ్చి మనిషినే చూడమని డాక్టరమ్మ అడిగింది. మేస్త్రి వారం రోజులు ఆలోచించి సరేనన్నాడు.

మంగళవారం ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. రమ్మన్న టైముకు ముప్పావుగంట ముందే వెళతాడు. లోపలికి వెళ్ళకుండా బయట పేషెంట్ల బెంచీ మీద, చెంపలు పట్టుకున్నవాళ్ళ మధ్య కూర్చుంటాడు. మొన్న పక్కన ఒక ముసలాయన జరిగి చోటిస్తూ, “మీకే పన్నండీ నొప్పి?” అని అడిగాడు.

“నొప్పేం లేదండీ. ఊరికే కూర్చున్నా,” అన్నాడు మేస్త్రి. ఆపైన, ఆయన మరేదైనా అడుగుతాడేమోనని, కాస్త ఆయన వైపు తిరిగి కూర్చున్నాడు.